వంకాయ ఆవు

ఆ ఏడు మా ఊరికి ఎండాకాలం రాలేదు. జూన్‌లో పట్టిన ముసురు జూలై దాటినా వదల్లేదు. ఆగస్టులో కూడా పొద్దున్నే లేస్తే ఒంటి మీదకి ఊలు చొక్కా కావాల్సి వచ్చేది. ఉత్తరాదిన వరి వెన్ను తీయకుండానే నిలబడిపోయిందని రేడియోలో రోజూ చెప్పేవారు. టోక్యోకి దగ్గరున్న మా కామకురాలో జూలై, ఆగస్టులే ఎండాకాలం, ఎండాకాలమంటే జనం. సముద్రస్నానాలకు వచ్చేవాళ్ళు, పెద్ద బుద్ధుణ్ణి చూడవచ్చేవాళ్ళు, ఆ దారిలో మా కొట్టు దగ్గర ఆగి సైకిళ్ళు అద్దెకు తీసుకునేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళ జాడే లేదు. సైకిళ్ళన్నీ కొట్టు ముందు వరసగా తడుస్తూ నిలబడేవి. నాన్న వాటిని తుడిచేవాడు, అవి మళ్ళీ తడిసేవి.

ఏప్రిల్‌లో మా తమ్ముడు నొబు సముద్రంలో పడిపోయాడు. పక్కనున్న కొత్సుబో రేవు నుంచి చేపల పడవ మీద వెళ్ళేవాడు. తెల్లవారుజామున వల లాగుతుంటే కాలు జారిందట. పడవ తిప్పి చూసేసరికి నీళ్ళు తప్ప ఏమీ లేవట. ఎన్ని రోజులు వెతికినా మనిషి దొరకలేదు. చివరికి పెట్టెలో వాడి బట్టలు పెట్టి కర్మ చేశాం. రేవులో వాడు తాళం వేసి వెళ్ళిన సైకిలును నాన్న ఇంటికి తెచ్చాడు. సైకిలు కొట్టు పెట్టుకున్న మనిషి, దాన్ని ఎక్కి తొక్కలేక, దారిలో ఉన్న సొరంగం పొడుగునా చేత్తో నడిపించుకుంటూ తెచ్చాడు.

అమ్మ ఏడవలేదు. "ఫుసా గుండె గట్టిది" అని వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం భయం వేసింది. టీవీలో ఊరూ పేరూ తెలియని పిల్ల జ్వరపడితే ఏడ్చే మనిషి అమ్మ.

ముసురు పట్టిన కొద్ది రోజులకే అమ్మ సైకిలెక్కి తిరగడం మొదలుపెట్టింది. పొద్దున టిఫిన్ గిన్నెలు కడిగి, వానకోటు తొడుక్కుని, ముందు బుట్టలో ఒక వెదురు కర్ర పెట్టుకుని బయల్దేరేది.

"కయో, వెనకాలే ఉండు" అన్నాడు నాన్న నాతో. "ఏమీ అడక్కు. ఊరికే వెనకాల ఉండు."

అలా ఆ ఎండలేని ఎండాకాలమంతా నేను అమ్మ వెనకాల మా ఊరు తిరిగాను. పుట్టి పెరిగిన ఊరే గానీ అంతకు ముందు అలా చూసిందెప్పుడు? ఒకరోజు పడమటికి వెళ్ళేవాళ్ళం. రోడ్డు కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని సాగే చోట, ఎదురుగాలికి వంగిపోతూ తొక్కేవాళ్ళం. ఇంకోరోజు తూర్పున రేవుల వైపు. ఎక్కడ ఇసుక కనిపించినా అమ్మ ఆగేది. దిగి, కెరటాలు తెచ్చిపోసిన నాచును కర్రతో తిరగేసేది. బెండ్లు, సీసాలు, ఒంటి చెప్పులు బయటపడేవి. చెప్పు దొరికితే మాత్రం చేతిలోకి తీసుకుని, అడుగు తిప్పి చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేది.

"ఇంక వెళ్దామమ్మా, తడిసిపోయావు" అంటే, "సముద్రం దాచుకోదే. ఎక్కడో ఒకచోట పెట్టేస్తుంది. మనమే సరిగ్గా చూడం" అనేది, అల్మరాలో సాక్సులు వెతుక్కునేవాడికి చెప్పినట్టు.

ఒకసారి కుండపోతగా వాన పట్టుకుంటే కొండను చీల్చి వేసిన పాత దారిలోకి మళ్ళాం. ఆ దారి పక్కన రాతిలో తొలిచిన గుహలుంటాయి. ఎప్పటివాళ్ళో, కత్తులు పట్టి తిరిగినవాళ్ళ సమాధులు. మా ఊళ్ళో అదేం వింత కాదు. ఇంటికి పునాది తవ్వినా ఎముకలు బయటపడతాయి. సైకిళ్ళు రాతికి ఆనించి ఒక గుహ వాకిట్లో కూర్చున్నాం. అమ్మ లోపలి చీకటిలోకి చాలాసేపు చూసింది.

"అదృష్టవంతులు" అంది.

"ఎవరు?"

"వీళ్ళు. ఎక్కడ పడుకున్నారో తెలుసు కదా."

వాన తగ్గాక తడిసిన సీట్లు తుడిచి సైకిళ్ళెక్కాం.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఎప్పుడూ ఒకేచోట చివరిసారి ఆగేది. మా వీధి దిగువనే, తీరం తూర్పు కొసన, పాతకాలపు రేవు ఒకటుంది. రేవంటే ఇప్పుడేమీ లేదు, రాళ్ళ కుప్ప. ఆటుకు నీళ్ళు దిగితే ఆ రాళ్ళు బయటపడి, సముద్రంలోకి దారిలా కనిపిస్తాయి. పోటుకు మళ్ళీ మునిగిపోతాయి.

"నీళ్ళు బాగా దిగితే ఎంతదాకా నడవొచ్చే?" అని అడిగింది ఒకరోజు.

"చివరిదాకా. కానీ నాచు పట్టి ఉంటాయి, జారుతుంది. ఎందుకు?"

"చిన్నప్పుడు నొబు పీతలు పట్టేవాడు అక్కడ" అంది. అది నిజమే. నేను ఇంకేమీ అడగలేదు.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం అన్నం తింటూ అమ్మ ఉన్నట్టుండి అంది, "బోన్‌కి వాడొస్తాడుగా. గుమ్మానికి తెల్లలాంతరు కొనాలి."

నాన్న చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. బోన్ పండక్కి ఇంటికొచ్చేది పోయినవాళ్ళు. పోయాక వచ్చే మొదటి బోన్‌కే తెల్లలాంతరు కడతారు. అంటే కొడుకు పోయాడని అమ్మ తన నోటితో తాను ఒప్పుకున్నట్టే. నాన్న కళ్ళు తుడుచుకుని "రేపే తెస్తాను" అన్నాడు. నాకూ గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ మర్నాటి నుంచి అమ్మ సైకిలు తీయలేదు. పరుపులు ఎండేయడానికి ఎండ లేదని సణిగింది, దేవుడి అరను కడిగింది, నొబు సైకిలును కూడా తుడిచి గొలుసుకు నూనె వేసింది.

"చూశావా, నేను చెప్పలా?" అంది పక్కింటి హరునో అత్త. వాళ్ళది టోఫు కొట్టు. తెల్లారకముందే లేచే మనిషి కాబట్టి వీధిలో ఏది జరిగినా ముందు ఆవిడకే తెలియాలి. "కాలమే మందు. ఇంక నువ్వు కూడా మీ అమ్మ వెనకాల తిరగడం మానేసి, ఎవడైనా నీ వెనకాల తిరిగేలా చూసుకో."

"సైకిలు మీద నన్ను పట్టుకోగలిగేవాడు దొరకాలిగా అత్తా."

"మెల్లగా తొక్కవే మొద్దూ! అంత వేగంగా పోతే ఎవడొస్తాడు?"

అమ్మ కూడా నవ్వింది. ఏప్రిల్ తర్వాత అమ్మ నవ్వు విన్నది అప్పుడే.

బోన్ మొదటి రోజు, పదమూడున, అరుగు మీద చాప పరిచి నొబు ఫొటో పెట్టాం. అమ్మ ఒక సన్నటి కీర దోసకాయను తీసుకుని, దానికి జనుప పుల్లలు విరిచి నాలుగు కాళ్ళు గుచ్చింది. మొక్కజొన్న పీచుతో తోక పెట్టింది. వచ్చేవాళ్ళు తొందరగా రావాలని దోసకాయ గుర్రం, వెళ్ళేవాళ్ళు నిదానంగా వెళ్ళాలని వంకాయ ఆవు. ఇంటింటా రెండూ పెడతారు. అమ్మ చేసిన గుర్రం ఎంత బాగుందంటే, ముట్టుకుంటే పరిగెత్తేట్టుంది. దాన్ని ఇంటి లోపలికి చూసేట్టు నిలబెట్టింది.

చేతులు జోడించడానికి వచ్చిన హరునో అత్త తల పైకెత్తి, "ఆవేదే?" అంది.

"వంకాయలెక్కడున్నాయి ఈ ఏడు? ఎండే లేదాయె" అంది అమ్మ. "వెళ్ళేది పదహారున కదా. అప్పటికి చూద్దాం."

"అదీ నిజమే. నిన్న సంతలో చూశాను, చిటికెన వేలంత ఉన్నాయి. ఆవు కాదు, దూడ కూడా అవదు" అని అత్త నవ్వి, లేచి వెళ్ళబోతూ నా వైపు తిరిగింది. "ఏమే, పదహారు సాయంత్రం నుంచి మాత్రం ఎవరికీ సైకిలిచ్చి సముద్రం వైపు పంపకు. బోన్ అయ్యాక నీళ్ళలో దిగితే పోయినవాళ్ళు కాళ్ళు పట్టుకుని లాగుతారు."

"లాగితే ఏం?" అంది అమ్మ గుర్రం తోక సర్దుతూ. "చిన్నప్పుడు వాడు ఎప్పుడూ నా కాళ్ళు పట్టుకునే ఉండేవాడు. వంట చెయ్యనిచ్చేవాడు కాదు."

హరునో అత్త నా మొహం చూసింది. ఆ సాయంత్రం వాకిట్లో జనుప పుల్లలతో స్వాగతపు నిప్పు వేశాం. పొగ నేరుగా పైకి వెళ్ళకుండా నేల మీదే పాకింది. అమ్మ ఆ పొగలోకి చూస్తూ, ఎవరో బయట నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నట్టుగా, "వచ్చావా?" అంది.

మర్నాడు వంకాయ కోసం నేను సైకిలు మీద బయల్దేరాను. వెళ్ళేవాడికి ఆవు లేకపోతే నాకే మనసొప్పలేదు. వాడు నన్నెంత ఏడిపించినా నా తమ్ముడు. కూరగాయల కొట్లన్నీ తిరిగాను. హాసె వైపు వెళ్ళాను, అక్కడ లేవన్నారు. కొండ దారి ఎక్కి వెనక వైపు తోటల దగ్గరికి వెళ్ళాను, అక్కడా లేవు. చివరికి రైతులు తెచ్చి అమ్ముకునే సంతలో ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు సైకిళ్ళ కొట్టు ఫుసా కూతురివి కదూ? మొన్ననే కదే మీ అమ్మకి ఇచ్చాను. ఉన్నవన్నీ ఊడ్చుకుపోయింది. ఇంకా చాల్లేదా? ఇంటికి ఎద్దులబండి గానీ చేస్తున్నారా ఏంటి?"

ఇంటికొచ్చి అమ్మ స్నానానికి వెళ్ళేదాకా ఆగి, వంటగది మూల ఉన్న తవుడు జాడీ మూత తీశాను. తడి తవుడులో ఉప్పేసి కూరగాయలు ఊరబెట్టే జాడీ అది. రోజూ చేత్తో కలపకపోతే పులిసిపోతుంది. ఎన్నాళ్ళుగానో అది కలిపే పని నాదే. ఆ వారం మాత్రం "నేను చూసుకుంటాలే, నువ్వు ముట్టుకోకు" అంది అమ్మ. మోచేతి దాకా చెయ్యి పెట్టాను. వేళ్ళకు చల్లగా, మెత్తగా వంకాయలు తగిలాయి. ఒకదాని పక్కన ఒకటి, జాడీ అడుగంతా అవే.

చెయ్యి కడుక్కుని కొట్లోకి వెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన పంచరు వేస్తున్న ట్యూబును పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"వాణ్ణి పంపడం ఇష్టం లేదు మీ అమ్మకి" అన్నాడు. "ఆవు లేకపోతే వాడు వెళ్ళలేడని దాని ఆశ. ఉండనీ కయో. ఎవరికేం నష్టం? ఈ ఏడు మనం సాగనంపే నిప్పు కూడా వెయ్యొద్దు. వచ్చే ఏడు పంపుదాం."

నాన్న అలా అనగానే నాకు ఏడుపొచ్చింది. ఎంత మంచి మాట అనిపించింది! ఆ రాత్రి ఫొటో ముందు కూర్చుని, "ఉండిపోరా నొబూ, ఎవరూ వెళ్ళగొట్టరు" అన్నాను. అమ్మ మనసు మాకు అర్థమైందని మేమిద్దరం అనుకున్నాం.

పదిహేనో తారీకు సాయంత్రం కొట్టు మూస్తూ నొబు సైకిలు చూశాను. సీటు జానెడు కిందకి దిగి ఉంది. మా నొబు పొడగరి. వాడి సీటు రాడ్డు ఎప్పుడూ బాగా పైకి ఉండేది. ఎక్కడిదాకా ఉండాలో వాడే మేకుతో గీత గీసుకున్నాడు. ఇప్పుడా గీత గొట్టంలోకి పోయి కనిపించడం లేదు. బోల్టు వదులై జారి ఉంటుంది, రేపు బిగిద్దాంలే అనుకున్నాను.

పదహారున ఎండ కాసింది. ఎంత వెటకారమో చూడండి, ఎండాకాలం ఆ ఒక్కరోజే వచ్చింది. మధ్యాహ్నానికి టోక్యో రైలు దిగి జనం విరగబడ్డారు. నాన్నకీ నాకూ ఊపిరాడలేదు. గాలి కొట్టడం, బ్రేకులు చూడడం, దారులు చెప్పడం. సాయంత్రం అద్దె సైకిళ్ళు తిరిగొస్తున్నప్పుడు కూడా పొడుగాటి కుర్రాడొకడు వచ్చి, ఒక్క గంటకు కావాలన్నాడు. సీటు పొట్టిగా ఉందన్నాడు. స్పానర్ తీసుకుని బోల్టు వదులు చేశాను. సీటు నా చేతిలోంచి జారి అడుగుదాకా వెళ్ళి టక్కున ఆగింది.

వదులైన సీటు అడుగుదాకా జారుతుంది. నొబు సైకిలు సీటు అడుగుదాకా పోలేదు. మధ్యలో ఆగింది. అంటే ఎవరో తగ్గించి, కావలసిన ఎత్తుకు బిగించారు. పొట్టి మనిషికి సరిపోయే ఎత్తుకు.

వెనక్కి తిరిగి చూశాను. నొబు సైకిలు ఉండాల్సిన చోట గోడ మాత్రమే ఉంది.

ఇంట్లోకి పరిగెత్తాను. ఫొటో ముందు అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. అమ్మ ఏప్రన్ మడతపెట్టి చాప మీద ఉంది. వాకిట్లోకి పరిగెత్తబోయిన దాన్ని, ఎందుకో వంటింట్లోకి వెళ్ళి జాడీలో చెయ్యి పెట్టి అందిన వంకాయను లాగి నా కొట్టు ఏప్రన్ జేబులో వేసుకున్నాను. అది ఆలోచించి చేసిన పని కాదు. తవుడు చేత్తోనే సైకిలెక్కి వీధి దిగువకు తొక్కాను. "కయో! ఎక్కడికే?" అని నాన్న అరుస్తున్నాడు. "పాతరేవు!" అని అరిచాను.

వీధి పొడుగునా ఇళ్ళ ముందు సాగనంపే నిప్పులు వేస్తున్నారు. పొగలో దారి సరిగ్గా కనిపించలేదు. మా ఒక్క వాకిలే చీకటిగా ఉంది. నిప్పు వేయకుండా మేం ఆపాలనుకున్నది నొబుని, ఆ చీకటి వాకిలి దాటి బయల్దేరింది అమ్మ.

తీరం చివర నొబు సైకిలు స్టాండు వేసి ఉంది. తాళం కూడా వేసి ఉంది. దాని పక్కన అమ్మ చెప్పులు, వాకిట్లో విడిచినట్టు జతగా. ఆటు అయిపోయి నీళ్ళు పైకొస్తున్నాయి. రాళ్ళు సగం మునిగాయి. వాటి మీద, చాలా దూరంలో, అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుస్తోంది. తొందర లేదు. పక్కన ఎవరో ఉన్నట్టు, వాళ్ళ అడుగుకు తన అడుగు కలుపుతున్నట్టు నడుస్తోంది.

పదహారు సాయంత్రం మా ఊళ్ళో ఎవరూ సముద్రంలో దిగరు. నేను దిగాను. నాచు మీద జారి రెండుసార్లు పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. కాళ్ళకు మెత్తగా చుట్టుకున్నది నాచో, జెల్లీచేపో, ఇంకేమైనానో చూసుకోలేదు.

"అమ్మా!"

ఆగింది కానీ తిరగలేదు. "నువ్వెందుకొచ్చావే? కొట్లో జనం ఉన్నారుగా."

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"వాణ్ణి దిగబెట్టొస్తాను."

"నాన్న వాణ్ణి ఉండమన్నాడమ్మా. నిప్పు వెయ్యలేదు. నువ్వే కదా వంకాయలన్నీ దాచావు, వాడు వెళ్ళకుండా..."

అమ్మ అప్పుడు తిరిగి నా మొహంలోకి చూసింది, చిన్నపిల్ల లెక్క తప్పు చేస్తే చూసినట్టు. "పిచ్చిదానా, వెళ్ళకుండా ఎలా ఉంటాడు? వెళ్ళాలి. ఆవు ఉంటే ఎక్కి వెళ్ళిపోతాడు. లేకపోతే నడిచి వెళ్తాడు. నడిచేవాడికైతే తోడు వెళ్ళొచ్చు."

వంకాయలు దాచింది ఉంచుకోవడానికి కాదు. అమ్మ ఒక్కరోజు కూడా వాణ్ణి ఉంచుకోవాలనుకోలేదు. నీళ్ళు అమ్మ తొడల దాకా వచ్చాయి. చెయ్యి పట్టుకుని లాగితే ఇద్దరం జారతాం.

నా ఏప్రన్ జేబులోంచి వంకాయ తీశాను. చక్రాలకు స్పోకులు వేసినప్పుడు కత్తిరించిన ముక్కలు ఎప్పుడూ కొన్ని జేబులో ఉంటాయి. ఆ ముక్కలు ఒక్కొక్కటీ వంకాయలోకి గుచ్చాను. ఊరిన వంకాయ, ముడతలు పడి నడుము వంగిపోయింది. ఒంటి నిండా తవుడు. నాలుగు ఇనుప కాళ్ళు నాలుగు వైపులకు పోయాయి.

"ఇదిగో ఆవు" అన్నాను. "వాడు నడవక్కర్లేదు. నువ్వూ నడవక్కర్లేదు. తీసుకో అమ్మా. తీసుకోమంటుంటే!"

అమ్మ చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత చెయ్యి చాపి తీసుకుంది, వాసన చూసింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది. "వాడికి ఇలాగైతేనే ఇష్టం."

ఆ మాటతో అమ్మ మొహం ఒక్కసారిగా నలిగిపోయింది. ఏప్రిల్ నుంచి ఆగిన ఏడుపంతా అక్కడ, ఆ నీళ్ళలో, నిలబడి ఏడ్చింది. నేను నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. కాసేపటికి ఇంకా మునగని ఒక రాయి మీద ఆవును పెట్టింది. ఇనుప కాళ్ళు కదా, నిలబడింది. ముఖం సముద్రం వైపు తిప్పింది.

"నిదానంగా వెళ్ళు నాన్నా" అంది. "తొందరేం లేదు."

మేం ఒడ్డుకు చేరి వెనక్కి చూసేసరికి ఆ రాయి లేదు.

ఒడ్డున నాన్న తన సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు, రొప్పుతూ. అమ్మ చెప్పులు చేత్తో తీసి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. అమ్మ నొబు సైకిలు తాళం తీశాక, ముగ్గురం మూడు సైకిళ్ళూ నడిపించుకుంటూ వీధి ఎక్కాం. అందరి నిప్పులూ ఆరిపోయాయి. మా వాకిట్లో హరునో అత్త జనుప పుల్లలు పేర్చి, అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని ఎగాదిగా చూసింది, తడి బట్టలు చూసింది. జన్మలో మొదటిసారి ఏమీ అడక్కుండా అగ్గిపెట్టె అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అమ్మే నిప్పు పెట్టింది.

అది ఆరిపోయాక నాన్న నొబు సైకిలును దీపం కిందకి లాగాడు. స్పానర్ తీసుకుని బోల్టు వదులు చేసి, మేకు గీత బయటికొచ్చేదాకా సీటు పైకి లేపాడు. మెడ నరాలు ఉబ్బేదాకా బిగించాడు.

అమ్మ అరుగు మీద కూర్చుని జుట్టు తుడుచుకుంటూ చూస్తోంది. "అంత ఎత్తు పెడితే నా కాళ్ళు అందవండీ" అంది.

"అందకూడదనే" అన్నాడు నాన్న, మళ్ళీ బిగిస్తూ.